1080 తెర కన్నా 800 తెర ఎందుకు మెరుగ్గా కనిపిస్తోంది?

ప్రశ్న: కృష్ణలంక కుర్రాడు

అందరికీ నమస్కారం. నేను విజయవాడలో ఉంటాను. ఉద్యోగం పనిమీద నెలకు మూడు నాలుగు సార్లు సికింద్రాబాదుకు రైల్లో వెళ్లి రావలసి ఉంటుంది కనుక, ఆ ప్రయాణాల్లో ఆడుకోవచ్చునని రెండేళ్ల కిందట విండోస్‌తో నడిచే ఒక హ్యాండ్‌హెల్డ్, అంటే చేతిలో పట్టుకుని ఆడుకునే చిన్న గేమింగ్ కంప్యూటర్, కొనుక్కున్నాను. దాని తెర 7 అంగుళాల ఎల్‌సీడీ, 1920×1080 పిక్సెళ్లు, 120 హెర్ట్జ్. కొన్న రోజున నేను చూసుకున్నది ఆ అంకెలనే. వాటికి మించి చూడవలసినది ఏదైనా ఉంటుందని అప్పుడు తట్టలేదు.

మొన్న దసరాకు మా బావ, అంటే మేనత్త కొడుకు, అమెరికా నుంచి వస్తూ తన స్టీమ్ డెక్ ఓఎల్‌ఈడీ అనే హ్యాండ్‌హెల్డ్‌ను వెంట తెచ్చాడు. దాని తెర 1280×800 మాత్రమే, అంటే నా తెరలో ఉన్న పిక్సెళ్లలో సగం కూడా లేవు. భోజనాలయ్యాక డాబా మీది గదిలో లైటు ఆర్పి, రెండింటినీ దిండు మీద పక్కపక్కన ఆనించి, రెండింట్లోనూ సైబర్‌పంక్ 2077 అనే ఆట తెరిచి, ఒకే వీధిలో నిలబడి చూశాం. బావ తెర మీద రాత్రి ఆకాశం నల్లగా ఉంది. నా తెర మీద అదే ఆకాశం బొగ్గు మీద బూడిద చల్లినట్టు ఉంది, పైగా కింది ఎడమ మూలన లేత వెలుగు ఒకటి లీలగా కనిపిస్తూనే ఉంది.

అంతకన్నా నన్ను కలవరపెట్టింది మరొకటి. నా తెర మూలన ఫ్రేముల అంకె, అంటే సెకనుకు ఎన్ని బొమ్మలు గీస్తోందో చూపే అంకె, 38కీ 47కీ మధ్య తిరుగుతోంది. బావ దాన్ని 30 దగ్గర కట్టిపెట్టి ఆడుతున్నాడు. ఎక్కువ ఫ్రేములు వస్తున్నది నాకు. అయినా కెమెరాను నెమ్మదిగా పక్కకు తిప్పితే అతని వీధి సాఫీగా కదులుతోంది, నా వీధి గతుకుల రోడ్డు మీద ఆటోలో కూర్చుని చూస్తున్నట్టు ఉంది.

ఎక్కువ పిక్సెళ్లు, ఎక్కువ ఫ్రేములు ఉన్న పరికరం ఎలా ఓడిపోయిందో తెలుసుకోవాలని ఉంది. నా పరికరంలోనే ఏదైనా సర్దుకోవచ్చా, లేక దీన్ని అమ్మేసి డెక్ తెప్పించుకోవాలా? సంక్రాంతికి తన స్నేహితుడొకరు ఇటు వస్తున్నారని, కావాలంటే ఆయనతో ఒకటి పంపిస్తానని బావ అంటున్నాడు.


జవాబు: నీలితెర

మీ కళ్లు మిమ్మల్ని మోసం చేయలేదు. మీ పరికరం పేరు మీరు చెప్పలేదు, చెప్పనక్కరలేదు కూడా. మీరిచ్చిన కొలతలు ఉన్న తెర ఏదైనా చెప్పవలసినది ఇంతే.

ముందు పిక్సెళ్ల సంగతి చూద్దాం. మీ తెరలో అంగుళానికి సుమారు 315 పిక్సెళ్లు ఉన్నాయి. డెక్ ఓఎల్‌ఈడీ తెర 7.4 అంగుళాలు కనుక దానిలో అంగుళానికి 204. మామూలు చూపు ఉన్న కన్ను ఒక డిగ్రీలో అరవయ్యో వంతు కోణాన్ని విడదీసి చూడగలదని నేత్రవైద్యుల లెక్క. ఆ లెక్కను 40 సెంటీమీటర్ల దూరానికి వర్తింపజేస్తే అంగుళానికి 218 పిక్సెళ్ల దగ్గర కన్ను చేతులెత్తేస్తుంది; 30 సెంటీమీటర్లకు దగ్గరగా పట్టుకుంటే ఆ హద్దు 291కి పెరుగుతుంది. దిండు మీద పెట్టి కాస్త వెనక్కి కూర్చుని చూశారంటే, డెక్ తెర మీ కంటి హద్దుకు కొద్దిగా ఇవతల ఉంది, మీ తెర ఆ హద్దును ఎప్పుడో దాటిపోయింది. దాటిన తరువాత ఉన్న పిక్సెళ్లను మీరు డబ్బిచ్చి కొన్నారు గాని మీ కన్ను వాటిని తీసుకోలేదు.

నలుపు అలా కాదు. ఎల్‌సీడీలో వెనకనుంచి ఒక దీపం ఎప్పుడూ వెలుగుతూనే ఉంటుంది, దాని ముందు ఉన్న పొర ఆ వెలుగును అడ్డుకోవడానికి ప్రయత్నిస్తుంది, అయితే పూర్తిగా అడ్డుకోలేదు. ఐపీఎస్ అనే మేలురకం ఎల్‌సీడీ తెరలో కూడా తెలుపుకూ నలుపుకూ మధ్య తేడా సాధారణంగా వెయ్యి రెట్ల చుట్టుపక్కలే ఉంటుంది. పగలు ఆఫీసులో అది చాలు. లైటు ఆర్పిన గదిలో, కన్ను చీకటికి అలవాటుపడిన తరువాత, ఆ వెయ్యో వంతు వెలుగే మీకు కనిపించిన బూడిద. మూలన కనిపించినది అంచులనుంచి కారే దీపం వెలుగు. ఓఎల్‌ఈడీలో వెనక దీపమే లేదు, ప్రతి పిక్సెలూ తానే వెలుగుతుంది, నలుపు కావలసిన చోట ఆరిపోతుంది. పగలు కిటికీ పక్కన కూర్చుని ఇదే పోలిక చేసి ఉంటే తేడా ఇంత కొట్టొచ్చినట్టు కనిపించేది కాదు. మీరు ఓఎల్‌ఈడీకి అత్యంత అనుకూలమైన వేళలో పందెం పెట్టారు.

ఇక పనితనం. 1280×800 అంటే 10.24 లక్షల పిక్సెళ్లు. 1920×1080 అంటే 20.74 లక్షలు. మీ పరికరంలోని చిప్ ప్రతి ఫ్రేముకూ బావగారి చిప్ కన్నా రెట్టింపు పైగా పిక్సెళ్లకు రంగు వేయాలి. మీ చిప్ కొత్తది, బలమైనది కావచ్చు. కానీ ఆ బలంలో పెద్ద భాగం మీ కంటికి చిక్కని పిక్సెళ్ల మీదే ఖర్చయిపోతోంది. 2023లో వచ్చిన లెనోవో లీజియన్ గో తెర 2560×1600, అంటే దాదాపు 41 లక్షల పిక్సెళ్లు. అంత తెరను చేతిలో ఇమిడే చిప్‌తో పూర్తి రిజల్యూషన్‌లో నింపడం పెద్ద ఆటల విషయంలో అయ్యే పని కాదు. అయితే ఆ అంకెలో ఒక చమత్కారం ఉంది: అది 1280×800కు సరిగ్గా నాలుగు రెట్లు. ఆటను 800లో నడిపితే గీసిన ఒక్కో పిక్సెలూ తెర మీద రెండు నిలువు, రెండు అడ్డం, నాలుగు గళ్లలో అతికినట్టు కూర్చుంటుంది, మసక రాదు. మీ 1080 తెర మీద ఆటను 1280×720లో నడిపితే ఆ సుఖం లేదు. ఒక పిక్సెలు ఒకటిన్నర గళ్లలో కూర్చోవాలి కనుక అంచులన్నీ పక్క గళ్లతో కలిసిపోయి అలుక్కుపోయినట్టు కనిపిస్తాయి. రిజల్యూషన్ తగ్గించి చూశాను, ఛండాలంగా ఉందని చాలామంది అనేది దీన్ని చూసే.

కాబట్టి విండోస్ రిజల్యూషన్‌ను గాని, ఆట చివరి రిజల్యూషన్‌ను గాని తగ్గించకండి. 1080 దగ్గరే ఉంచి, ఆట సెట్టింగుల్లో ఎఫ్‌ఎస్‌ఆర్ 2 (తక్కువ పిక్సెళ్లలో గీసి పెద్దది చేసే పద్ధతి) గాని దాని తరువాతిది గాని ఉంటే ‘క్వాలిటీ’లో పెట్టండి. అప్పుడు చిప్ లోపల 1280×720లోనే గీస్తుంది, వెనకటి ఫ్రేముల నుంచి ఏరుకున్న వివరాలతో దాన్ని 1080కి పెంచుతుంది, ప్రాణాల పట్టీ, మ్యాపు, అక్షరాలు మాత్రం నేరుగా 1080లోనే పడతాయి. దీనికి మూల్యంగా కరెంటు తీగలు, జాలీ కంచెలు, జుట్టు కొసలు మిణుకుమిణుకుమంటాయి. చిన్న తెర మీద అది భరించదగినదే అని నా అభిప్రాయం.


జవాబు: ఫ్రేముల లెక్క

నీలితెర గారు తెర సంగతి చెప్పారు కనుక నేను కుదుపు దగ్గరికి వస్తాను. హైదరాబాదులో ఆటల గ్రాఫిక్స్ రాసే పనిలో ఉన్నాను, రోజంతా చూసేది ఈ కుదుపునే.

ఫ్రేముల అంకె ఒక సగటు. ఒక సెకనులో 42 ఫ్రేములు వచ్చాయని అది చెబుతుంది గాని, ఒక ఫ్రేముకూ మరో ఫ్రేముకూ మధ్య ఎంత వ్యవధి ఉందో చెప్పదు. కంటికి తెలిసేది ఆ వ్యవధి. బావగారి పరికరంలో తెర 90 హెర్ట్జ్, అంటే సెకనుకు 90 సార్లు తిరుగుతుంది (బొమ్మను మళ్లీ వేస్తుంది), ఆట 30 దగ్గర కట్టి ఉంది: తెర మూడుసార్లు తిరిగినప్పుడల్లా ఒక కొత్త బొమ్మ, ప్రతి బొమ్మా సరిగ్గా 33.3 మిల్లీసెకన్లు. గడియారం టిక్కుమన్నట్టు ఒకే లయ. మీ తెర 120 హెర్ట్జ్, అంటే 8.3 మిల్లీసెకన్లకు ఒకసారి తిరుగుతుంది. ఆట 38కీ 47కీ మధ్య ఊగుతుంటే ఒక బొమ్మ రెండు తిరుగుళ్లు ఉంటుంది, తరువాతిది మూడు, ఆ తరువాతిది ఒక్కోసారి నాలుగు. అంటే 16.7, 25, 33.3 అంటూ లయ తప్పుతూ ఉంటుంది. కెమెరా ఒకే వేగంతో తిరుగుతున్నా బొమ్మలు మాత్రం ఒకసారి ఆలస్యంగా, ఒకసారి తొందరగా మారతాయి. ఇది తెలుసుకోవాలంటే ఆటలో ఒక దీపస్తంభం దగ్గర నిలబడి, కర్రను (జాయ్‌స్టిక్‌ను) చాలా కొద్దిగా వంచి కెమెరాను నెమ్మదిగా తిప్పుతూ ఆ స్తంభం అంచునే చూడండి. లయ సరిగా ఉంటే అంచు ఒక్కటిగా జారుతుంది. లయ తప్పితే అంచు రెండుగా చీలినట్టు, ముందుకు వెనక్కు తడబడినట్టు కనిపిస్తుంది. అన్నం ఉడికిందో లేదో ఒక మెతుకు పట్టి చూసినట్టు, నాకు ఏ ఆటకైనా ఆ స్తంభం చాలు.

ఫ్రేము రాగానే తెర తిరిగేలా చేసే వీఆర్‌ఆర్ ఉంది కదా అని మీరు అడగవచ్చు. మీ తరహా తెరలు కొన్నింటిలో అది ఉంది. ఉదాహరణకు 2023లో వచ్చిన ఆసుస్ ఆర్‌ఓజీ ఆలై తెరకు 48 నుంచి 120 హెర్ట్జ్ దాకా ఆ సౌకర్యం ఉంది. కానీ మీ ఫ్రేములు 38 నుంచి 47 మధ్య ఉన్నాయి, అంటే ఆ గేటు బయటే తిరుగుతున్నాయి. గేటు కింద ఒకే ఫ్రేమును రెండుసార్లు చూపించి నెట్టుకొచ్చే పద్ధతి ఒకటి ఉంది గాని, దాని మీద ఆధారపడేకన్నా ఫ్రేములను గేటు లోపలికి తేవడమో, ఒక చోట కట్టెయ్యడమో మేలు.

నా సలహా 40 దగ్గర కట్టెయ్యమని. చాలామంది 30కీ 60కీ మధ్య సగం 45 అనుకుంటారు. కాలంలో లెక్కిస్తే అది 40. 30 ఫ్రేములకు ఒక బొమ్మ 33.3 మిల్లీసెకన్లు, 60 ఫ్రేములకు 16.7. ఆ రెంటికీ నట్టనడుమ ఉన్నది 25, అంటే 40 ఫ్రేములు. 30 నుంచి 40కి వెళితే మీకు దక్కే చురుకుదనం, 40 నుంచి 60కి వెళితే దక్కేదానితో సమానం, చిప్ చేయవలసిన అదనపు పని మాత్రం అందులో సగమే. పైగా 40 మీ 120లో మూడుసార్లు నిశ్శేషంగా పోతుంది. 60 హెర్ట్జ్ తెర మీద ఈ పప్పులుడకవు. అక్కడ 40 పెడితే ఒక బొమ్మ ఒక తిరుగుడు, మరొకటి రెండు, మళ్లీ కుదుపే. అందుకే 2022లో, డెక్ తయారుచేసే వాల్వ్ సంస్థ, తన మొదటి డెక్ ఎల్‌సీడీ తెరను 40 హెర్ట్జ్ దాకా దించుకునే వీలు కల్పించింది.

కట్టడానికి ఆటలోని పరిమితి కన్నా రివాట్యూనర్ అనే చిన్న ఉచిత సాఫ్ట్‌వేర్ వాడండి. కొన్ని ఆటల సొంత పరిమితులు సగటును 40 దగ్గర ఉంచుతాయి గాని వ్యవధిని సమంగా ఉంచవు. ముందు నీలితెర గారు చెప్పిన ఎఫ్‌ఎస్‌ఆర్ పెట్టి, నీడలు, ప్రతిబింబాలు ఒక మెట్టు దించి, కట్టకముందు అంకె ఎప్పుడూ 46కు తగ్గకుండా ఉందని చూసుకుని, ఆ తరువాత 40 దగ్గర కట్టండి. కాస్త మిగులు లేకుండా కడితే రద్దీ వీధిలో మళ్లీ జారిపోతుంది.

ఇంకొక రకం కుదుపు ఉంది, దాన్ని దీనితో కలపకండి. కొత్త చోటికి వెళ్లినప్పుడు, కొత్త పేలుడు కనిపించినప్పుడు ఒక్క క్షణం ఆగిపోయి మళ్లీ కదిలితే అది షేడర్ల తయారీ వల్ల వచ్చేది. షేడర్లంటే వెలుగును, రంగును లెక్కగట్టే చిన్న ప్రోగ్రాములు. వాటిని మీ చిప్ భాషలోకి అప్పటికప్పుడు మార్చుకోవడానికి ఆట ఆగుతుంది. డెక్‌లు అన్నింటిలోనూ ఒకే కుటుంబం చిప్ కనుక వాల్వ్ వాటిని ముందే తయారు చేసి డౌన్‌లోడ్‌తో పాటు పంపగలుగుతోంది. విండోస్ యంత్రాలు వేల రకాలు, ఆ వీలు తక్కువ. ఆట మొదటి పేజీలో షేడర్లు సిద్ధం చేస్తున్నామని పట్టీ నడుస్తుంటే అది పూర్తయ్యేదాకా టీ తాగి రండి.

మీ చిప్ బలం గురించి ఒక మాట. ఉదాహరణకు ఆలైలోని రైజెన్ జెడ్1 ఎక్స్‌ట్రీమ్ చిప్‌కు కాగితం మీద 8.6 టెరాఫ్లాప్‌లు (ఒక టెరాఫ్లాప్ అంటే సెకనుకు లక్ష కోట్ల లెక్కలు), డెక్‌కు 1.6. ఐదు రెట్లు పైన. ఆటలో ఐదు రెట్లు ఎక్కడా కనిపించదు. కారణాల్లో ముఖ్యమైనది జ్ఞాపకం దారి, అంటే మెమరీనుంచి చిప్‌కు సమాచారం చేరే వేగం: మొదటి డెక్‌లో సెకనుకు 88 గిగాబైట్లు, డెక్ ఓఎల్‌ఈడీలో 102.4, ఆలైలోనూ అదే 102.4. వంటవాళ్లను అయిదింతలు చేసి, సరుకు తెచ్చే గుమ్మాన్ని అంతే వెడల్పులో ఉంచితే పెళ్లి భోజనం ఎంత త్వరగా అవుతుందో ఇదీ అంతే. పిక్సెళ్లు రెట్టింపయితే ఆ గుమ్మం దగ్గరే తొక్కిసలాట మొదలవుతుంది.


జవాబు: కృష్ణలంక కుర్రాడు

ఇద్దరికీ కృతజ్ఞతలు. నిన్న రాత్రి కూర్చుని మీరు చెప్పినట్టే చేశాను. ఎఫ్‌ఎస్‌ఆర్ ‘క్వాలిటీ’, నీడలు మధ్యస్థం, ప్రతిబింబాలు తక్కువ. కట్టకముందు రద్దీ సంతవీధిలో 49, ఖాళీ రోడ్డు మీద 60 దాకా వెళ్లింది. 40 దగ్గర కట్టాక దీపస్తంభం పరీక్ష చేశాను. అంచు చీలడం లేదు. ముందు రోజు 47 చూపించిన ఆట కన్నా ఈ 40 సాఫీగా ఉందని మా తమ్ముడు, ఏమీ చెప్పకుండా చేతికిస్తే, వాడంతట వాడే అన్నాడు.

ఇంకో విచిత్రం: ఫ్యాను మోత తగ్గింది. ఇంతకుముందు 25 వాట్ల మోడ్‌లోనే ఆడేవాడిని. ఇప్పుడు 18 వాట్లకు దించినా 40 తప్పడం లేదు. నల్లని ఆకాశం మాత్రం ఎప్పటిలాగే బూడిదగా ఉంది, దానికి మందు లేదని అర్థమైంది.


జవాబు: పాత ఆటగాడు

ఆ ఫ్యాను మోత తగ్గడం మీరనుకున్నంత చిన్న విషయం కాదు. మీ బ్యాటరీ 40 వాట్ అవర్లదైతే, చిప్ ఒక్కటే 25 వాట్లు తాగుతుంటే, తెర, ఫ్యాను, వైఫై కలుపుకుని గంటన్నర కూడా రాదు. విజయవాడలో ఎక్కి ఖమ్మం దాటేసరికి ఎర్ర గీత. ఎండాకాలం సంగతి వేరే చెప్పాలి: డెక్‌ను 0 నుంచి 35 డిగ్రీల మధ్య వాడితేనే పూర్తి పనితనం ఉంటుందని, అంతకు మించితే చిప్ తన వేగం తాను తగ్గించుకోవచ్చని 2022 వేసవిలో వాల్వ్ ప్రకటించింది. మే నెలలో విజయవాడ ప్లాట్‌ఫారం మీద 35 డిగ్రీల లోపు ఉండేది ఏ తెల్లవారుజామునో. తక్కువ వాట్లకు ఆటను సర్దుకున్నవాడికి ఆ ఎండలో పెద్దగా పోయేదేమీ ఉండదు.

తెరకూ చిప్‌కూ బ్యాటరీకీ మధ్య ఈ తగవు కొత్తది కాదు. 1989లో వచ్చిన నింటెండో చేతి ఆట పరికరం గేమ్ బాయ్ తెర 160×144, నాలుగే ఛాయలు, వెనక దీపం లేదు, వేగంగా కదిలే బొమ్మ వెనక తోకలా మరక మిగిలేది. మరుసటి ఏడాది వచ్చిన సెగా వారి గేమ్ గేర్‌కు రంగుల తెర, వెనక దీపం రెండూ ఉన్నాయి. ఆరు పెన్సిల్ బ్యాటరీలు వేస్తే మూడు నుంచి ఐదు గంటల్లో తాగేసేది. గేమ్ బాయ్ నాలుగింటితోనే దానికి ఎన్నో రెట్లు నడిచేది. ఎక్కువ అమ్ముడైంది మాత్రం గేమ్ బాయే. నా చేతికి మొదట వచ్చినది 2001 నాటి గేమ్ బాయ్ అడ్వాన్స్. దానికీ దీపం లేదు. ట్యూబులైటు కింద నేల మీద కూర్చుని, వెలుగు సరిగ్గా తెర మీద పడి, అదే వెలుగు కళ్లలోకి తిరిగి కొట్టని ఆ ఒక్క కోణం కోసం మెడ వంచుకుని వెతుక్కునేవాడిని. కరెంటు పోతే ఆట కూడా పోయినట్టే, బ్యాటరీ నిండుగా ఉన్నా సరే.

2004లో వచ్చిన సోనీ చేతి ఆట పరికరం పీఎస్‌పీ చిప్ 333 మెగాహెర్ట్జ్‌కు తయారైంది. బ్యాటరీ కోసం సోనీ దాన్ని 222 దగ్గర కట్టి ఉంచి, 2007లో గాని ఆ ముడి విప్పలేదు. ఇరవై ఏళ్ల తరువాత మీరు మీ ఇష్టంతో 25ను 18కి దించుకున్నారు. నింటెండో మొదటి స్విచ్‌దీ అదే దారి: చేతిలో పట్టుకుంటే 720 తెర, చిప్ వేగం తక్కువ, టీవీకి తగిలిస్తే 1080 దాకా, చిప్ వేగం ఎక్కువ. 2017లో ఆ 720 తెరను చూసి నవ్వినవారిలో నేనూ ఉన్నాను. ఆ చిప్‌కు అంతకన్నా పెద్ద తెర ఇచ్చి ఉంటే ఆటలన్నీ మసకగానో కుదుపుగానో ఉండేవని ఒప్పుకోవడానికి నాకు రెండేళ్లు పట్టింది.


జవాబు: డాలస్ గోదారి

ఇక్కడందరూ ఓఎల్‌ఈడీని ఆకాశానికెత్తుతున్నారు కనుక నేను అవతలి పక్షాన నిలబడతాను. డెక్ ఓఎల్‌ఈడీ వాడి, తిరిగి ఎల్‌సీడీ పరికరానికి వచ్చినవాడిని.

మొదటిది, కళ్లు. చాలా ఓఎల్‌ఈడీ తెరలు వెలుగు తగ్గించడానికి సెకనుకు వందలసార్లు వెలిగి ఆరే పద్ధతిని వాడతాయి. ఎక్కువమందికి అది తెలియదు. నాకు రాత్రిపూట తక్కువ వెలుగులో గంటసేపు ఆడితే కనుబొమల మధ్య నొప్పి మొదలయ్యేది, ఎల్‌సీడీతో రాలేదు. మీ కన్ను ఏ రకమో కొనకముందే తేల్చుకోండి. బావగారి పరికరంతో లైటు ఆర్పి, వెలుగు బాగా తగ్గించి, ఒక గంట ఆడి చూస్తే సరిపోతుంది. రెండవది, ఎప్పుడూ ఒకే చోట ఉండే బొమ్మ. ఒకే ఆటను, ఒకే మ్యాపు మూలన పెట్టుకుని, ఏళ్ల తరబడి ఆడేవారు ఓఎల్‌ఈడీలో మరక పడే అవకాశాన్ని లెక్కలో ఉంచుకోవాలి.

మూడవది అక్షరాలు, దీన్ని ఎవరూ ప్రస్తావించలేదు. 800 తెర మీద బొమ్మలు బాగుంటాయి గాని, కంప్యూటర్ మానిటర్ కోసం రాసిన ఆటల్లో చిన్న అక్షరాలు చదవడం కష్టం. డెక్‌కు సరిపోతుందని ముద్ర వేయడానికి వాల్వ్ పెట్టిన నియమమే 1280×800లో అక్షరం ఎత్తు 9 పిక్సెళ్లకు తగ్గకూడదని. ఆంగ్ల అక్షరం 9 పిక్సెళ్లలో ఎలాగో బతుకుతుంది. ‘లక్ష్మి’ అన్న మాటను 9 పిక్సెళ్ల ఎత్తులో రాయడానికి ప్రయత్నించండి, వత్తు ఎక్కడ పెట్టాలో తెలియదు. రైల్లో ఆటతో పాటు తెలుగు పత్రికలు కూడా దాని మీదే చదువుతానంటే మీ 1080 తెరను వదులుకోకండి.

ఒక నష్టం కూడా చెబుతాను, నాది. నా డెక్ అన్నింటికన్నా ఖరీదైన రకం, దాని అద్దం మీద వెలుగు తిరిగి కొట్టకుండా సన్నని గరుకు చెక్కి ఉంటుంది. కిందటిసారి హైదరాబాదు వచ్చినప్పుడు ఒక దుకాణంలో కవరు కొంటుంటే, ఆ కుర్రవాడు స్నేహంగా, అడగకుండానే, నునుపైన గార్డు గ్లాసు ఒకటి అతికించి ఇచ్చాడు. జిగురు ఆ గరుకునంతా పూడ్చేసింది. బయటికి రాగానే తెరలో నా ముఖమూ, వెనక వెళ్తున్న బస్సు నంబరూ స్పష్టంగా కనిపించాయి. ఎక్కువ పెట్టి కొన్న సదుపాయం రెండు నిమిషాల్లో పోయింది. ఆ రకం తెప్పించుకుంటే దాని మీద ఏమీ అతికించనివ్వకండి.

వాల్వ్ ఇండియాలో డెక్‌ను అధికారికంగా అమ్మడం లేదన్నది కూడా గుర్తుంచుకోండి. కర్ర అరిగినా, బ్యాటరీ ఉబ్బినా దాన్ని మళ్లీ ఎవరి పెట్టెలోనో అమెరికాకు పంపాలి, మళ్లీ ఎవరి పెట్టెలోనో రప్పించుకోవాలి.


జవాబు: నీలితెర

డాలస్ గోదారి గారి మాటల్లో కళ్ల సంగతి, అక్షరాల సంగతి ఒప్పుకుంటాను. మరక భయం మాత్రం, వారానికి ఒకటి రెండు ప్రయాణాల్లో నాలుగైదు రకాల ఆటలు ఆడేవారికి, అంతగా అవసరం లేదనిపిస్తుంది.

కొత్తది కొనాలనుకునేవారికి ఒక చిన్న హెచ్చరిక: ఎల్‌సీడీలన్నీ ఒకటి కావు. 2025 జూన్‌లో వచ్చిన స్విచ్ 2 తెర 7.9 అంగుళాలు, 1080, 120 హెర్ట్జ్, వీఆర్‌ఆర్, అన్నీ ఉన్నాయి. అయినా దాని పిక్సెళ్లు ఒక రంగునుంచి మరో రంగుకు మారే వేగం తక్కువని, కదిలే బొమ్మలు అలుక్కుపోతున్నాయని కొలిచి చూసినవారు రాశారు. 120 హెర్ట్జ్ అంటే 8.3 మిల్లీసెకన్లకు ఒక బొమ్మ. ఆ లోపు పిక్సెలు రంగు మారడం పూర్తి కాకపోతే పాత బొమ్మ మీదే కొత్త బొమ్మ పడుతుంది. డబ్బా మీద ఆ వేగాన్ని ఎవరూ అచ్చు వేయరు. దుకాణంలో చేతికిస్తే, అక్షరాలున్న మెనూను వేగంగా పైకీ కిందికీ జరిపి, జరుగుతుండగా చదవగలుగుతున్నారేమో చూడండి.


జవాబు: కృష్ణలంక కుర్రాడు

నిర్ణయం చెప్పి ముగిస్తాను. సంక్రాంతికి ఏమీ పంపవద్దని బావకు చెప్పేశాను. బావ ఇంకా ఇక్కడే ఉన్నాడు కనుక డాలస్ గోదారి గారు చెప్పినట్టు అతని డెక్‌తో గంటన్నర, వెలుగు తగ్గించి, చీకట్లో ఆడాను. నాకు నొప్పేమీ రాలేదు. అంటే ఎప్పుడైనా కొంటే ఓఎల్‌ఈడీయే కొంటాను, అయితే ఇప్పుడు కాదు.

నిన్న సాయంత్రం రైల్లో 18 వాట్లు, 40 ఫ్రేములతో మొదలుపెట్టాను. కాజీపేట వచ్చేసరికి ఇంకా 22 శాతం ఉంది. కిటికీ పక్క సీటు. బయట వెలుతురు ఉన్నంతసేపు ఆకాశం బూడిద రంగన్న సంగతే గుర్తు రాలేదు. చీకటి పడ్డాక పై బెర్తు ఎక్కాను, అక్కడ మాత్రం ఆ కింది ఎడమ మూల మళ్లీ కనిపించింది. ఇప్పుడది కనిపించిన ప్రతిసారీ బొటనవేలు దాని మీద పెట్టి ఆడుతున్నాను.